తాళంచెవి వదినకి, కొక్కెం నాకు

మోంతల్వా,
ఫిబ్రవరి, కార్నివాల్ వారం

ఆడబిడ్డ అర్ధమొగుడని లోకం అంటుంది. అసలు మొగుడు పోయాక మిగిలిన నా అర్ధమొగుడు బెన్విందాకి, వదిన దియోలిందా దీవెనలు.

మోకాళ్ళు తప్ప నేను బాగున్నాను. ఈ ఏడు ఆలివ్ కాపు బ్రహ్మాండం. లిస్బన్ బస్సు డ్రైవరు చేత నూనె డబ్బా పంపాను. పోయినసారిలా డబ్బా సగమే చేరితే, ఆ డ్రైవరు జుట్టు నిగనిగలాడుతోందేమో చూసి రాయి.

ఇక అసలు సంగతి. ఊరి చర్చి కాదు, మన చిన్న గుడి నేల పగలగొడతారట.

ఆదివారం పూజ అవగానే కార్లలో ఒక గుంపు దిగింది. అందరికీ తెల్ల దుప్పట్లు, దుప్పట్ల మీద ఎర్ర సిలువలు. నేను కార్నివాల్ వేషాలనుకుని, “బాగున్నాయి నాయనా, గుర్రాలేవీ?” అన్నాను. నాయకుడు నొచ్చుకున్నాడు. పేరు డాక్టర్ ఫొంతోరా. పోర్తోలో పళ్ళ డాక్టరు, శని ఆదివారాల్లో మాత్రం సిలువ యుద్ధాల నాటి టెంప్లార్ వీరుడు.

“అమ్మగారూ, ఫ్రాన్సు రాజు టెంప్లార్లని పట్టి కాల్చేస్తుంటే కొందరు పారిపోయి మీ ఊరొచ్చారు. వెళ్ళిపోతూ ఈ గుడి తాళంచెవి, తమకి రొట్టెలు మోసిన ఆడమనిషి చేతిలో పెట్టి, చెవిలో ఒక రహస్యం చెప్పారు. అవునా?” అన్నాడు.

“అవును. ఆవిడ మా ఇంటావిడే. అప్పట్నుంచీ అత్త చేతిలోంచి కోడలి చేతికొస్తోంది,” అని నడుముకున్న తాళంచెవి చూపించాను.

“మరి వాళ్ళు దాచింది ఏమిటి? మాట్లాడే తల కావచ్చు. ప్రభువు తాగిన గిన్నె కావచ్చు. బంగారమైనా కావచ్చు.”

“ముందు ఏదో ఒకటి తేల్చుకోండి బాబూ. మూడూ పట్టాలంటే మా గుడి చాలదు.”

అందరూ నవ్వారు, అతను తప్ప. అతని దగ్గర ఒక యంత్రం ఉంది. గుడి మధ్యలో, ఒకే గుర్రం మీద ఇద్దరు సవారీ చేస్తున్నట్టు చెక్కిన రాయి ఉంది చూడు, దాని మీద పెట్టగానే ఆ యంత్రం పిల్లిపిల్లలా అరిచింది. కింద డొల్ల ఉందట! ఊరి పంచాయతీ వాళ్ళకి అర్జీ పెట్టుకుని అనుమతి కూడా తెచ్చేసుకున్నాడు. జూన్‌లో రొట్టెల పండగ అయిన మర్నాడు రాయి పగలగొట్టడం, ఆ తరవాత గుడిని మ్యూజియం చెయ్యడం, తాళంచెవి పంచాయతీ ఆఫీసులో మేకుకి తగిలించడం.

పాపం ఫాదర్ సిల్వేరియో అడ్డుపడ్డాడు. “పగలగొట్టడం దేనికి? ఆ రాయి సంగతి దియోలిందాకి తెలుసు. ఆవిడ తెరిచి చూపిస్తే సరిపోతుంది కదా,” అన్నాడు. దానికి అందరూ ఒప్పుకున్నారు. పండగ లోపల నేను తెరిచి చూపిస్తే గుడి జోలికి రారు, తాళంచెవి మన ఇంట్లోనే ఉంటుంది. అందరూ నా వైపు తిరిగారు. నేను ఎప్పట్లాగే చిరునవ్వు నవ్వాను.

అన్నట్టు, మీ అమ్మ నీకు ఆ రాయి గురించి ఎప్పుడైనా ఏమైనా చెప్పిందా? నాకు తెలియక కాదు, ఊరికే అడుగుతున్నాను.

నీ వదిన,
దియోలిందా


అల్ఫామా, లిస్బన్,
మార్చి

తాళంచెవి గల మహారాణి దియోలిందా వదినకి, వట్టి చేతుల ఆడపడుచు బెన్విందా నమస్కారాలు.

నూనె నిండుగా చేరింది. డ్రైవరుకి బట్టతల, అనుమానం అనవసరం.

నన్నడుగుతావేం? చెవిలో చెప్పింది నీకు కదా. టెలిగ్రాం అందుకుని నేను పరిగెత్తుకొచ్చేసరికి అమ్మ కళ్ళు మూసింది. నువ్వు మంచం పక్కన కూర్చుని ఉన్నావు. ఊరంతా గుమ్మంలో నిలబడి, “అంబెలీనా కోడలికి చెప్పేసింది, ఇక భయంలేదు,” అనుకుంటున్నారు. కన్నకూతురు ఎక్కడుందో ఒక్కరికీ పట్టలేదు.

నాకేమిచ్చిందో గుర్తుందా? అంతకు ముందు ఈస్టరుకి వచ్చినప్పుడు, పొయ్యి పక్కన వేలాడే వంకర కొక్కెం తీసి నా సంచిలో పెట్టింది. కోడలికి గుడి తాళంచెవి, కూతురికి మసిపట్టిన ఇనుము! పైగా, “పారెయ్యకు, ఎవరికీ ఎరువివ్వకు,” అని జాగ్రత్తలు. దానితోనే రోజూ నా చేపల షాపు షట్టరు కిందికి లాగుతున్నాను. లాగినప్పుడల్లా నువ్వే గుర్తొస్తావు, అంత కిర్రుమంటుంది.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఒకావిడ. నా బాధా అలాంటిదే. పెళ్ళికాని రోజుల్లో, రొట్టెల పండగ ఊరేగింపులో నా తలమీది రొట్టెల గోపురం చర్చి మెట్ల దగ్గర కూలి, రొట్టెలు మేకల మధ్య దొర్లితే, ముందుగా నవ్వింది ఎవరు? నువ్వే. ఆ నవ్వు మీద తాళంచెవి కూడా నీకే పోయింది. అందుకే అమ్మ పోయాక ఊళ్ళో అడుగుపెట్టలేదు. నూనె డబ్బాలకి మాత్రం కోపం లేదు, పంపిస్తూ ఉండు.

ఇంతకీ తెలిస్తే తెరిచి చూపించు. తెలియకపోతే తెలియదని చెప్పు. నాతో కూడా చిరునవ్వు నవ్వకు, ఉత్తరంలో కనపడదు.

బెన్విందా


మోంతల్వా,
మార్చి, వాన పడుతోంది

ఒసేయ్ బెన్వీ,

సరే, నవ్వటం లేదు. విను. నాకేమీ తెలియదు.

ఆ రోజు మీ అమ్మ నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. చెవి ఆనించాను. “అవసరం పడితే బెన్విందాని పిలు,” అంది. అంతే. కూతుర్ని చూడాలని ఉందేమో అనుకుని వెంటనే టెలిగ్రాం ఇప్పించాను. ఇంకేదైనా చెబుతుందని పక్కనే కూర్చున్నాను, చెప్పలేదు. లేచి బయటికొస్తే ఊళ్ళో మగవాళ్ళంతా నాకు టోపీలు తీశారు! “చెప్పిందా?” అని ఒక్కరైనా అడిగితే లేదనేదాన్ని. టోపీ తీసినవాడికి ఏమని బదులు చెప్పను? అలా నవ్వుతూ ఉండిపోయాను. రహస్యం తెలిసినట్టు నవ్వడం పెద్ద కష్టం కాదే, పెదాలు మూసుకుంటే చాలు.

ఇప్పుడు నా భయం తాళంచెవి గురించి. అది నడుముకి ఉన్నంతవరకూ నేను మోంతల్వా తాళంచెవి దియోలిందాని. అది పోతే మోకాళ్ళ నొప్పుల ముసలిదాన్ని. ఇంత సూటిగా నీకే రాస్తున్నాను, ఫాదర్‌కి కూడా చెప్పుకోలేదు.

ఆ పళ్ళ డాక్టరు మళ్ళీ వచ్చాడు. గుర్రం రాతిలో, ఇద్దరు సవారీల మధ్య ఒక బొక్క ఉంది కదా, నేను ఎప్పుడూ కొవ్వొత్తి గుచ్చేది. అందులో పేరుకున్న మైనమంతా వేడి చెంచాతో తవ్వి తీసి, పళ్ళు కట్టడానికి అచ్చు తీసే గులాబీరంగు ముద్ద ఒకటి కూరాడు. “నోరు తెరవండి అని రాయికి చెప్పలేదేం డాక్టరుగారూ?” అన్నాను. ఈసారి అతనూ నవ్వాడు. మనిషి చెడ్డవాడు కాదే, బంగారం పిచ్చి కూడా లేదు. చిన్నప్పట్నుంచీ ఆ వీరుల కథలు విని విని అలా అయిపోయాడు. అచ్చు బయటికి తీసి చూస్తే పొడుగ్గా వచ్చి, చివర అటూ ఇటూ రెక్కల్లా ఉంది, ఒక రెక్క విరిగినట్టు పొట్టిగా. ఇది కొవ్వొత్తి కోసం చేసిన బొక్క కాదన్నాడు. ఆ అచ్చు బొమ్మ ఈ ఉత్తరం కింద గీశాను చూడు. నేనేమో ఇన్నేళ్ళూ అందులో కొవ్వొత్తులు పెట్టి మైనంతో పూడ్చేశాను!

పండగ పనులు మొదలయ్యాయి. కాగితం పువ్వులు చేస్తున్నాం. చేస్తుంటే మీ అన్న మీద కోపం వస్తుంది ప్రతిసారీ. పెళ్ళి కుదిరిన పిల్ల గోపురం ఎత్తితే కుదిరినవాడు పక్కన నడవాలి, తూలితే పట్టుకోవాలి. నా ఏడు మీ అన్న ఏడీ? సర్కారుకి వ్యతిరేకంగా కాగితాలు పంచాడని రహస్య పోలీసులు వెతుకుతుంటే పారిపోయాడు, అంతవరకూ సరే. సర్కస్ బండెక్కి తీగమీద నడిచే పిల్లతో స్పెయిన్ పోయాడని మీ అమ్మే నలుగురిలో చెప్పింది, కళ్ళారా చూశానని ఒట్టు కూడా వేసింది. చివరికి నా పక్కన మన ఊరి అమాదేవు నడిచాడు. కేసు కొట్టేశాక మీ అన్న తిరిగొచ్చాడు, పెళ్ళి చేసుకున్నాను, సుఖంగానే ఉన్నాం. కానీ ఎక్కడున్నావయ్యా ఆ పండగ రోజున అని అడిగితే నవ్వేవాడే గాని చెప్పేవాడు కాదు. పైగా, “గుడి గుమ్మం ముందు ఆగి, ‘నా కాలు తొక్కకు గాడిదా’ అని అమాదేవుని తిట్టావట కదా,” అని వెక్కిరించేవాడు. ఆ అమాదేవే చేరవేశాడని ఇప్పటికీ వాడికి నేను కాఫీ పొయ్యను.

ఈ ఉత్తరం రాస్తున్నది మీ అన్న చేసిన బల్ల మీదే. మూలన చెక్కిన పిచ్చుక మోచేతికి గుచ్చుకుంటోంది. ఏ వస్తువు చేసినా ఒక పిచ్చుకని చెక్కనిదే వదిలేవాడు కాదు కదా.

ఏం చెయ్యమంటావో చెప్పు.

దియోలిందా


లిస్బన్,
మర్నాడే, నిలబడి రాస్తున్నాను

వదినా, ముందు కూర్చో. ఆ తరవాత చదువు.

నీ ఉత్తరం మధ్యాహ్నం వచ్చింది. నీ బొమ్మ చూసి, ఇదేం బొమ్మ, గొడ్డలా, కోడా అనుకుని గల్లా పెట్టె మీద పెట్టాను. సాయంత్రం షట్టరు దించుదామని అమ్మ ఇచ్చిన కొక్కెం ఎత్తాను. ఒక చివర వంకీ ఉంటుంది, దానితోనే లాగేది. రెండో చివర ఎప్పుడూ నా గుప్పెట్లో ఉంటుంది కనుక చూడనే లేదు. చూస్తే అటో రెక్క, ఇటో రెక్క, ఒకటి పొట్టి!

ఆ ఇనుము పట్టుకుని నేను అలాగే నిలబడిపోయాను. వెనక వరసలో ఉన్న ముసలాయన, “అమ్మా, మూస్తున్నావా, నా సార్డీన్ చేపలు ఇస్తున్నావా?” అని గొడవ. ఇచ్చేశాను, ఊరికే ఇచ్చేశాను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, నా చేతి ఇనుము నాకు ఇన్నేళ్ళూ పనికిరాలేదు.

మన చర్చి హుండీ పెట్టెకి రెండు తాళాలు గుర్తున్నాయా? ఒక చెవి ఫాదర్ దగ్గర, ఒక చెవి పెద్దమనుషుల దగ్గర. ఎవరూ ఒక్కళ్ళే తెరవకూడదని. మన ఇంటి పద్ధతీ అదేనే. గుడి తలుపుకి చెవి నీ దగ్గర, రాయికి చెవి నా దగ్గర. అమ్మ నీకు చెప్పాల్సిందంతా చెప్పింది వదినా. బెన్విందాని పిలు అంది, నువ్వు పిలిచావు.

నేనేమో మసిపట్టిన ఇనుమిచ్చిందని ఇన్నేళ్ళూ ముఖం ముడుచుకుని కూర్చున్నాను. సరే, దాని సంగతి తరవాత.

ఈస్టరుకి, శుక్రవారం బస్సుకి వస్తున్నాను. మేకపిల్లని కాల్చు, బంగాళాదుంపలు ఎక్కువ వెయ్యి. ఆ డాక్టర్ని, ఫాదర్ని భోజనానికి పిలు. రాయి ఎత్తడానికి అమాదేవుని కూడా పిలు, వాడికి కాఫీ నేను పోస్తాను.

బెన్విందా


మోంతల్వా,
ఏప్రిల్, ఈస్టర్ వెళ్ళిన వారం

మా బంగారు బెన్విందాకి,

నువ్వు బస్సెక్కావో లేదో ఊరు పాట కట్టేసింది. “వీరుల నిధి చూద్దామని పోతే అత్తగారి చీపురు దొరికింది” అని పిల్లలు గంతులేస్తున్నారు. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే వినడమే గాని, గోతిలోంచి నువ్వు చీపురు పట్టుకుని పైకి వస్తుంటే కళ్ళారా చూశాను.

పాపం ఆ డాక్టరు! మేకమాంసం రెండుసార్లు వడ్డించుకుని, వైన్ తాగి, తెల్ల దుప్పటి సర్దుకుని, ఏదో లాటిన్ పాట కూడా ఎత్తుకున్నాడు. నువ్వు కొక్కెం దింపి తిప్పగానే లోపల టక్కుమంది చూడు, అప్పుడు పాట ఆగిపోయింది. అమాదేవు ఒక పక్క, నువ్వు ఒక పక్క ఎత్తితే రాయి కుండ మూతలా లేచింది. కింద ఏముందీ? పాతర! మన వెనకటివాళ్ళు గోధుమలు పోసుకునే పాతర, ఇరుకు మూతి, పెద్ద పొట్ట. దుప్పటివాళ్ళలో ఒక్కరూ ఆ మూతిలో పట్టలేదు. నా సంగతి సరేసరి. నువ్వు ఎండు చేపలా ఉంటావు కనుక జారిపోయావు. చీపురు పిడికి ఎర్రగుడ్డ కట్టి ఉండటం చూడగానే నేను అరిచేశాను, “అది అత్తయ్య చీపురే!” అని. ఎన్నాళ్ళు వెతికిందో దాని కోసం. కాదు, వెతికినట్టు నటించింది, ముసల్ది!

డాక్టరు మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి తల పెట్టి చూశాడు. శుభ్రంగా ఊడ్చిన నేల, అంతే. లేచి, “ఖాళీ,” అన్నాడు. ఆ మాట అన్నప్పుడు బొమ్మ విరిగిన చిన్నపిల్లాడిలా ఉన్నాడు. నాకు జాలేసి బాదం మిఠాయి పొట్లం కట్టి ఇచ్చాను. వెళ్ళేముందు నా చెయ్యి ముద్దు పెట్టుకుని, “పోనీండి అమ్మగారూ, రాయి తెరుచుకుంది, అదే చాలు. నా పళ్ళ ముద్ద వల్లే కదా?” అన్నాడు. “నీ ముద్ద వల్లే నాయనా,” అన్నాను. నిజమే కదా.

పంచాయతీ వాళ్ళు అర్జీ కొట్టేశారు. ఖాళీ గోతికి మ్యూజియం ఎందుకన్నారు. తాళంచెవి నా నడుముకే ఉంది. ఇప్పుడు టోపీలు ఇంకా కిందికి తీస్తున్నారు. నిన్న అమాదేవుకి కాఫీ పోశాను. పాపం, నువ్వు వచ్చిన ధర్మమా అని.

అంతా బాగానే ఉంది గాని ఒక్కటడుగుతాను. నువ్వు గోతిలో చాలాసేపు ఉన్నావు. పైనించి, “ఏమే, ఏముంది?” అని అరిస్తే పలకలేదు. చీపురు పట్టుకుని పైకొచ్చాక భోజనం బల్ల దగ్గర కూడా గొడవ చెయ్యలేదు. నువ్వు మాట్లాడకుండా ఉండటం నేను రెండుసార్లే చూశాను. ఒకటి మీ అమ్మ పోయినరోజు, రెండోది ఇది. బస్సెక్కేటప్పుడు నన్ను కావిలించుకుని వదల్లేదు. అది వట్టి గొయ్యి కాదు. ఏం చూశావో చెప్పు.

దియోలిందా


లిస్బన్,
మే

వదినా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. రాయాలా, వద్దా అని తేలక ఆగాను. ఆ గోతిలో ఏముందో పదిమందిలో చెప్పకూడదని నాకు ఎవరూ చెప్పలేదు. అయినా లోపలికి దిగి గోడ చూడగానే అర్థమైంది. చెప్పకుండా ఉండటమే మన ఇంటి పని అని.

పాతర పొట్ట గుడి గుమ్మం కిందిదాకా పోయింది. పైనించి చూస్తే నేల మాత్రం కనపడుతుంది. లోపలికి వంగి వెళ్తే ఒక మనిషి కాళ్ళు చాపుకుని పడుకునేంత చోటుంది, గాలి వచ్చేందుకు ఒక సందు కూడా ఉంది. అక్కడ గోడ నిండా బొమ్మలు వదినా. అగ్గిపుల్ల వెలిగించి చూశాను, వేళ్ళు కాలేదాకా.

అన్నిటికంటే పాతది ఒకే గుర్రం మీద ఇద్దరు. పైన రాతి మీద ఉన్న బొమ్మే. కానీ ఇక్కడ గుర్రం ముందు ఒక ఆడమనిషి ఉంది, తల మీద రొట్టెల బుట్టతో. గుర్రం కంటే పెద్దగా చెక్కారు ఆవిణ్ణి. ఆ పక్కన ఇంకెవరివో సిలువలు, ఒక పడవ, ఒక చెయ్యి, నెపోలియన్ సైన్యం వచ్చిన నాటి ఒక పేరు.

మన ఊళ్ళో టెంప్లార్లు ఏమీ దాచలేదు వదినా. మన ఇంటి ఆడవాళ్ళే టెంప్లార్లని దాచారు. ఆ తరవాత ఎవరు తరుముకొస్తే వాళ్ళ నుంచి ఎవరినో ఒకరిని దాచుతూనే ఉన్నారు. అందుకే అమ్మ ఊడుస్తూ ఉంది. ఎప్పుడు ఎవరొస్తారో తెలియదు కదా.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. గాలి సందు కింద, అన్నిటికంటే కొత్త బొమ్మ. తల మీద రొట్టెల గోపురం ఎత్తుకున్న పిల్ల. గోపురం కొంచెం ఎడమకి వాలి ఉంది. నువ్వు ఎప్పుడూ ఎడమకే వాల్చేదానివి, గోపురాలు కట్టే మేస్త్రమ్మ ఎంత తిట్టినా సరే. దాని కింద మూలన ఒక పిచ్చుక ఉంది.

మా అన్న ఏ సర్కస్ బండీ ఎక్కలేదు. అమ్మ పోలీసుల్ని స్పెయిన్ వైపు తరమడానికి ఆ కథ అల్లింది. నిన్ను కూడా నమ్మించింది. నువ్వు నిజంగా ఏడిస్తేనే పోలీసులు నమ్ముతారని కాబోలు, మా అమ్మ ఎంతకైనా తగింది. అన్న ఎందుకు చెప్పలేదో కూడా నాకు తెలుస్తోంది. అక్కడ దాక్కున్నవాడు చెబితే రేపు దాక్కోవలసినవాడికి చోటుండదు. ఆ సర్కారు కూలి రహస్య పోలీసులు పోయే రోజుదాకా అన్న బతకలేదు. బతికుంటే నీకే ముందు చెప్పేవాడు.

అక్కడే చెబితే నీ మోకాళ్ళతో ఆ గోతిలోకి దూకేదానివి, మూతిలో ఇరుక్కునేదానివి, డాక్టరు ముద్ద పెట్టి తియ్యాల్సి వచ్చేది. అందుకే నోరు మూసుకున్నాను. ఇప్పుడు నువ్వెలాగూ దిగుతావని తెలుసు. కొక్కెం బస్సు డ్రైవరు చేత పంపుతున్నాను. పండగకి నేను రాలేను, లిస్బన్‌లో సెయింట్ ఆంటోనీ పండగ రోజులు, చేపలు కాల్చడానికే తీరదు. కొక్కెం లేక నా షట్టరు రాత్రంతా నోరు తెరుచుకుని ఉంటుంది, తొందరగా పంపించు.

గోపురం కూలినరోజు నువ్వు నవ్వినందుకు క్షమించేశాను. ఇన్నేళ్ళూ నువ్వు ఏడ్చిన ఏడుపు ముందు ఆ నవ్వెంత?

నీ బెన్విందా


మోంతల్వా,
జూన్, రొట్టెల పండగ మర్నాడు

నా బెన్వీకి,

దిగాను. మూతిలో ఇరుక్కోలేదు, రాసి పెట్టుకో. వైన్ పీపాలు దింపే తాడు నడుముకి కట్టి అమాదేవు దింపాడు. ఎందుకని అడగలేదు. “ఊరేగింపు వెళ్ళిపోయేదాకా నన్ను పైకి లాగకు, ఎవరొచ్చినా గుడి తలుపు తియ్యకు,” అన్నాను. “సరే దియోలిందమ్మా, ఇదివరకు కూడా నీ కాలు తొక్కకుండానే నడిచాను, నువ్వే నమ్మలేదు,” అన్నాడు. కొంచెం సేపటికి వాణ్ణే అడిగాను, పైకి అరిచి, “ఒరేయ్, నేను నిన్ను గాడిదా అన్నానని మా ఆయనతో నువ్వు చెప్పావా?” అని. “ఒక ఆడపిల్ల నన్ను గాడిదా అందని నేనే చెప్పుకుంటానా?” అన్నాడు.

టార్చి లైటు వేసి చూశాను. ఎడమకి వాలిన గోపురం, నా ముక్కు, నా జడ. నడుముకి కట్టిన పట్టీ ముడి కూడా చెక్కాడు. చేతితో తడిమాను. బల్ల మూలన ఉన్న పిచ్చుకలాగే ఉంది, రెక్క దగ్గర అలాగే గుచ్చుకుంది. అక్కడ కూర్చుని ఏడ్చానే, గట్టిగానే ఏడ్చాను. పైన అమాదేవు దగ్గుతూ ఉన్నాడు, వినపడనట్టు.

అప్పుడు బాజాలు దగ్గరికొచ్చాయి. లైటు ఆర్పేశాను. గుమ్మం ముందు రాతి మీద ఆడపిల్లల అడుగులు, పక్కన మగపిల్లల బూట్ల చప్పుడు. ఎవరి అడుగు ఎవరిదో తెలుస్తుంది బెన్వీ. ఒక పిల్ల సరిగ్గా నా నెత్తి మీద ఆగి, “మెల్లిగా నడవరా, పడిపోతోంది!” అంది. ప్రతి అక్షరం వినపడింది. నేను ఆగినప్పుడూ వినపడే ఉంటుంది. నేను తిట్టింది వినపడే ఉంటుంది. మీ అన్న నా పక్కన లేడని ఇన్నేళ్ళు సాధించాను. ఆయన ఇక్కడే ఉన్నాడు, పైకి రాలేక.

అందుకని ఒక పని చేశాను. నీ కొక్కెం మొనతో, ఆ పిల్ల బొమ్మ పక్కన ఒక మగమనిషిని గీశాను. చెయ్యి తిరిగిన పని కాదు, కాళ్ళు వంకరపోయాయి, ముక్కు పెద్దదైంది. మీ అన్న ముక్కు పెద్దదే కదా, ఉండనిచ్చాను. ఒక చెయ్యి మాత్రం జాగ్రత్తగా గీశాను, గోపురం ఎడమకి వాలుతుంది కనుక ఆ పక్కన పట్టుకునేట్టు.

తరవాత నేలంతా ఊడ్చాను. చీపురు అక్కడే పెట్టి, పైకొచ్చి రాయి మూయించాను. ఇంటికొచ్చి అమాదేవుకి కాఫీ పోసి, రొట్టె కూడా పెట్టాను.

కొక్కెం డ్రైవరు చేతికిచ్చాను. మొన కాస్త అరిగింది, షట్టరు లాగడానికి అడ్డం రాదులే. పైకి లాగేటప్పుడు అమాదేవు నడుం పట్టేసింది, వాడి కోసం లిస్బన్ నుంచి ఏదైనా మందు పంపు.

నీ వదిన,
దియోలిందా